గిర్ని పెద్దమ్మ ఫ్రెంచి

ఫ్రెంచి భాషలో నాకు ఇప్పటికీ తడుముకోకుండా వచ్చే మాట ముక్కు చీదమని చెప్పడం. అది మా పాఠ్యపుస్తకంలో లేదు. పరీక్షలో ఎవరూ అడగలేదు కూడా. అయినా మొన్న చలికాలంలో పాలంపేటలో అదే పనికొచ్చింది.

ఆఫీసు వాళ్ళం పదిమందిమి కలిసి రామప్ప గుడికి వెళ్ళాం. చెప్పులు విడిచేచోట ఒక తెల్లావిడ నాలుగేళ్ళ కొడుకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టి, ఊదు, గట్టిగా ఊదు అని ఫ్రెంచిలో బతిమాలుతోంది. వాడు మొండికేసి నోరు బిగించుకుని నిలబడ్డాడు. పక్కనే వంగి చెప్పు పట్టీ విప్పుకుంటున్న నా నోట్లోంచి నాకు తెలియకుండానే "ఏనుగులాగా" అని ఫ్రెంచిలో వచ్చేసింది. వాడు నా వైపు చూసి, నిజంగానే తొండం ఉన్నవాడిలా మెడ ముందుకు చాచి ఊదాడు. తల్లి తెల్లబోయింది. ఈ భాష ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. వరంగల్‌లో, పిండి గిర్నీలో అన్నాను. తను సరిగా వినలేదేమోనని ఆవిడ మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అందరూ పాటల పోటీ పెట్టుకున్నారు. నేను మాత్రం కిటికీ పక్కన కూర్చుని గిర్ని పెద్దమ్మనే తలుచుకున్నాను. ఆమె పోయి రెండేళ్ళవుతోంది. ఆ కబురు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమెకు ఒక పేరు ఉండేది, కరెంటు బిల్లు మీద చూశాను. మట్టెవాడలో మా గల్లీ వాళ్ళెవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడా రాయను.

నేను ఫ్రెంచిలో పడటానికి కారణం నాన్న. ఆయనది మందుల దుకాణం. ఎవరో మందులకొచ్చిన పెద్దమనిషి, తెలుగు తీసుకుంటే మార్కులు పిసినారిగా వేస్తారని, ఫ్రెంచి అయితే గుప్పిళ్ళతో పోస్తారని చెప్పి వెళ్ళాడు. నాన్న ఆ సాయంత్రమే బడికి వెళ్ళి నా రెండో భాష మార్పించారు. నానమ్మ ఒక్కతే అడ్డం చెప్పింది. ఇంట్లో ఎవరికీ రాని భాష చదివితే పిల్ల తప్పు చదివినా పట్టుకునే దిక్కుండదని ఆమె బాధ. ఆమె అన్నంతా అయింది. హైదరాబాదు నుంచి వారానికి రెండు రోజులు రైల్లో వచ్చి చెప్పే సారు, పదో తరగతి సగంలో వేరే ఉద్యోగం దొరికి రావడం మానేశాడు. తొమ్మిదిమంది పిల్లల కోసం ఇంకొకరిని వెతకడం కష్టమని, గైడు చూసి చదువుకోమని బడివాళ్ళు చెప్పారు. అర్ధ సంవత్సర పరీక్షలో నాకు ఎనభైకి పంతొమ్మిది వచ్చాయి. మిగతా అన్నింట్లో మొదటి వరుసలో ఉండేదాన్ని. ఒక్క ఫ్రెంచి పోతే పదో తరగతే పోతుంది. ఆ పేపరు మడిచి కంపాసు పెట్టెలో అడుగున దాచాను. నాన్న దుకాణం నుంచి వచ్చి "ఫ్రెంచి ఎట్లుంది బిడ్డా" అని అడిగినప్పుడల్లా మంచిగుంది నాన్నా అనేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అమ్మ గోధుమల డబ్బా ఇచ్చి గిర్నీకి పంపింది.

గిర్ని మా గల్లీ చివర. రేకుల కప్పు, మూడు వైపులా గోడలు, ముందు తెరిచే ఉంటుంది. పెద్దమ్మ అప్పటికి యాభై దాటిన మనిషి. కనుబొమల మీద, చెవుల అంచుల మీద, ముక్కుపుడక చుట్టూ ఎప్పుడూ తెల్లటి పిండి. ఎదుటి మనిషి కార్పొరేటరైనా కాన్వెంటు పిల్లయినా ఆమెకు నువ్వే. వరుసలో ముందు ఎవరిది పోయాలో ఆమే తేల్చేది. ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్ళది ముందు, ఆ తర్వాత నిలబడలేని ముసలివాళ్ళది, మిగిలినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా వెనక. పిండి పడుతున్నంతసేపు దాన్ని చూసేది కాదు, రాళ్ళ చప్పుడు వినేది. వింటూ వింటూ, జొన్నలు ఇంకా తడిగున్నాయి, ఆరబోసి రేపు తెమ్మని సగంలో ఆపి పంపేసేది. పిల్లలెవరైనా వస్తే ముక్కు మీద పిండి చుక్క పెట్టకుండా వదిలేది కాదు.

నేను వరుసలో నిలబడి పుస్తకం తీశాను. గిర్ని హోరులో ఎవరికీ వినపడదనే ధైర్యంతో పైకే చదువుతున్నాను. ఒక మంచి తెల్ల రొట్టె అనే నాలుగు మాటల వాక్యం అది. అక్షరాలు ఇంగ్లీషువే కదా అని ఇంగ్లీషులో చదివినట్టే "ఉన్ బోన్ పెయిన్ బ్లాంక్" అని పదిసార్లు అన్నాను. పదకొండోసారి పెద్దమ్మ నా డబ్బాలోని గోధుమలు తొట్టిలో దిమ్మరిస్తూ, నా వైపు తిరగనైనా తిరగకుండా అరిచింది.

"గట్ల గాదే పిల్లా. అఁ బోఁ పాఁ బ్లాఁ. పడిశం పట్టినట్టు ముక్కులకెళ్ళి రావాలె."

నేను తప్పు విన్నాననుకున్నాను. మళ్ళీ అనమంది. అన్నాను. తన పిండి చేత్తో నా ముక్కు పట్టుకుని ఇంకోసారి అనమంది. ఈసారి వచ్చింది. ముక్కు వదిలేసి, నా తర్వాత నిలబడ్డ, అందరం ఖాలా అని పిలిచే ముస్లిం ఆవిడ డబ్బా అందుకుంది. నీకెట్ల తెలుసు పెద్దమ్మా అని అడిగితే, "ఏడేండ్లు మాట్లాడిన భాష, తెల్వకపోతదా" అంది. మా గోధుమలు పట్టడం అయిపోయింది. నేను ఇంటికి వెళ్ళలేదు. గోనెసంచి మీద కూర్చుని ఆమె పని తీరేదాకా ఎదురుచూశాను.

ఆమెది రఘునాథపల్లి దగ్గర ఊరు. పొలంపని, కూలిపని చేసిన మనిషి. ఒక ఏజెంటు ఇంటిపనికని కువైట్ పంపాడు. అరబ్బుల ఇల్లనుకుని వెళ్తే ఫ్రెంచి ఇంజనీరు ఇల్లయింది. భార్యాభర్తలిద్దరూ పొద్దున పోతే సాయంత్రం వచ్చేవాళ్ళు. ఇంట్లో ఏడాది పిల్లవాడు, ఉయ్యాల్లో ఆడపిల్ల. వాళ్ళకు మాటలు రావు, ఈమెకు వాళ్ళ భాష రాదు. తల్లి సాయంత్రం వచ్చి పిల్లవాడికి చెప్పే మాటలన్నీ ఈమె పక్కన నిలబడి మనసులో అనుకునేది, మర్నాడంతా వాడితో కలిసి అభ్యాసం చేసేది.

"మేం ముగ్గురం ఒక్కసారే మాటలు నేర్సినం బిడ్డా. ఆళ్ళకు అప్పుడే పండ్లొస్తున్నయ్, నాకు ముందుగాల్నే ఉన్నయ్. గంతే ఫరకు."

పిల్లవాడి పేరు తేయో. పాప పేరు లూసీ. పెద్దమ్మ ఆ పాపను లచ్చి అని పిలిచేది. వాళ్ళు ఈమెను పెదమా అనేవాళ్ళు. ఏడేళ్ళ తర్వాత ఆ కుటుంబం ఫ్రాన్సుకు వెళ్ళిపోయింది, పెద్దమ్మ ఇంటికి వచ్చేసింది. తమ్ముడు నడపలేక వదిలేసిన గిర్నీని తీసుకుని వరంగల్‌లో స్థిరపడింది. ఇన్నేళ్ళలో ఆ భాష మాట్లాడే అవసరం ఒక్కసారి కూడా రాలేదట.

నేను కంపాసు పెట్టెలో దాచిన పేపరు సంగతి మొదట చెప్పింది ఆమెకే. ఆమె ఆ పేపరు తీసుకుని తిరగేసి మరగేసి చూసింది. అప్పుడు తెలిసింది, ఆమెకు చదవడం రాదని. ఫ్రెంచే కాదు, తెలుగు కూడా. ఎర్ర సిరాతో గీతలు ఎక్కువున్నాయి కాబట్టి మార్కులు తక్కువొచ్చాయని మాత్రం గుర్తుపట్టింది. మర్నాటి నుంచి బడి వదిలాక రమ్మంది. పుస్తకంలో ఉన్నది నేను పైకి చదవాలి, దాని అర్థమేమిటో తను చెప్తుంది. అలా కుదిరింది మా చదువు.

డిసెంబరు నుంచి మార్చి దాకా నా ఫ్రెంచి తరగతి ఆ గిర్నీలోనే. మోటరు నడుస్తుంటే మామూలు గొంతుతో మాట్లాడితే వినపడదు కాబట్టి మేమిద్దరం అరుచుకునేవాళ్ళం. ఆ భాషలో రకారం నాకు ఎంతకీ పట్టుబడలేదు. గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే దాన్ని పైకి తెచ్చుకోవడానికి ఎలా చేస్తావో అలా అనమంది. అంతే, వచ్చేసింది. ఆమెకు వ్యాకరణం తెలియదు. నేను తింటాను, వాడు తింటాడు, వాళ్ళు తిన్నారు అని నేను క్రియల పట్టిక అప్పజెపితే విసుక్కునేది. ఆమెకు వచ్చిన క్రియలన్నీ ఆజ్ఞలే. తిను, తాగు, పడుకో, దిగు, ముట్టకు, చెల్లెని కొట్టకు. పుస్తకంలో ఆజ్ఞార్థకం అని ఒక పాఠం ఉంది. అది వచ్చిన రోజు ఆమె నాకంటే ముందు పరుగెత్తింది.

అంకెలు ఇరవై దాకే వచ్చు. దాగుడుమూతల్లో ఇరవై లెక్కపెట్టి వెతకడానికి బయల్దేరేవాళ్ళట, ఆ పైన అవసరం పడలేదు. అందుకని అక్కడ మాత్రం నేను పంతులమ్మనయ్యాను. ఫ్రెంచివాళ్ళు డెబ్బైకి అరవై పది అంటారని చెబితే, అంత పెద్ద దేశంలో డెబ్బైకి మాట లేదా అని ఆశ్చర్యపోయింది. ఎనభైకి నాలుగు ఇరవైలు అంటారని చెప్పాను. ఈ సంఖ్యలు నాకు తలనొప్పి, గైడులో పేజీ నిండా రాసుకున్నా మర్నాటికి మరిచిపోయేదాన్ని. పెద్దమ్మ మాత్రం ఒక్కసారిగా చేట కింద పెట్టేసింది. ఆమె తల్లి వడ్ల కుప్పలు అలాగే లెక్కపెట్టేదట, నాలుగు ఇరవైలు, నాలుగు ఇరవైల మీద ఐదు అని. "ఇది మా అమ్మ లెక్క బిడ్డా" అంది. అప్పట్నుంచి ఆ రోజు గిర్నీకొచ్చిన డబ్బాలన్నీ ఇద్దరం ఆమె తల్లి లెక్కలో ఫ్రెంచిలో లెక్కపెట్టేవాళ్ళం. నాలుగు ఇరవైలు ఎప్పుడూ రాలేదు గానీ లెక్క మాత్రం నోటికొచ్చింది.

పరీక్షలో చివరి భాగం సంస్కృతి. వాళ్ళ రొట్టెలు, పండగలు, కట్టడాలు. నేను గైడులో వాక్యాలు బట్టీ పట్టి అప్పజెపితే ఆమె మధ్యలో ఆపి తప్పులు తీసేది. జనవరిలో ఒక పండగకు వాళ్ళు రాజుల రొట్టె అని ఒకటి తింటారు, అందులో ఒక గింజ దాస్తారు అని నేను చదివాను. గైడులో అంతవరకే ఉంది. అసలు సంగతి రాయలేదని ఆమెకు కోపమొచ్చింది. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు బల్ల కింద దూరాలట, ఏ ముక్క ఎవరికో వాళ్ళు అక్కణ్ణుంచి చెప్పాలట, గింజ ఎవరికి వస్తే వాళ్ళు ఆ రోజుకు రాజో రాణో అవుతారట. చెప్తే నాకు గుర్తుండదని చేసి చూపించింది. బొబ్బట్టులాంటి పెద్ద పోలె ఒకటి చేసి, అందులో ఒక చిక్కుడు గింజ పెట్టి, మా ఇంటికే పట్టుకొచ్చింది. నన్ను భోజనాల బల్ల కింద కూర్చోబెట్టింది. మొదటి ముక్క ఎవరికని ఫ్రెంచిలో అడిగింది, నాన్నకని నేను ఫ్రెంచిలో చెప్పాను. నాన్న బల్ల కిందికి వంగి నా మొహం చూశారు. గింజ నానమ్మ ముక్కలో వచ్చింది. పప్పులో రాయి ఏరలేదని నానమ్మ మా అమ్మ మీద విరుచుకుపడింది. పెద్దమ్మ పిండి సంచి కాగితంతో చేసిన కిరీటం తీసి నానమ్మ తల మీద పెట్టింది. నానమ్మ ఆ సాయంత్రమంతా దాన్ని తీయలేదు. అంతకు ముందు ఫ్రెంచిని ఎన్ని అన్నదో అవన్నీ ఆ రోజుతో ఆగిపోయాయి.

ఫిబ్రవరిలో మౌఖిక పరీక్ష. హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. ఖరీదైన చీర, కళ్ళజోడు, చేతిలో రుమాలు, ఆమెకు బాగా జలుబు. మా తొమ్మిదిమందినీ ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తోంది. నా ముందు వెళ్ళిన నలుగురూ ఏడుపు మొహాలతో బయటికొచ్చారు. నా వంతు వచ్చింది. పేరేమిటని ఆమె ఫ్రెంచిలో మెల్లగా అడిగింది. నేను గిర్నీలో మాట్లాడినట్టే చెప్పాను. కిటికీలో కూర్చున్న పావురం ఎగిరిపోయింది. ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, తనకు వినపడుతోందని చెప్పింది. అప్పుడు గొంతు తగ్గించాను. మా ఊరి గురించి అడిగింది, చెప్పాను. ఇంట్లో ఎవరెవరున్నారంది, చెప్పాను. పొద్దున లేచి ఏం చేస్తావని అడుగుతుండగా ఆమెకు తుమ్మొచ్చింది. ఒకటి కాదు, వరసగా ఐదారు.

తుమ్మిన మనిషికి ఏమనాలో పుస్తకంలో ఉంది. పెద్దలకు ఒక రకంగా, పిల్లలకు ఒక రకంగా. మీరు, నువ్వు తేడా అన్నమాట. నాకు వచ్చింది పెద్దమ్మ ఫ్రెంచి, అందులో మీరు అనే మాట లేదు. నేను చంటిపిల్లకు చెప్పినట్టు, ఆ మేడంను నువ్వు అని, నీ కోరికలు తీరాలి అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె రుమాలు ముక్కుకు పెట్టుకోగానే నా నోరు దాని దారిన అది పోయింది. ఊదు, గట్టిగా ఊదు, ఏనుగులాగా, నా గోమారీ. గోమారి అంటే కుక్క ఒంటి మీద గెంతే పురుగు. ఫ్రెంచి తల్లులు పిల్లల్ని ముద్దుగా అలా పిలుస్తారు. పెద్దమ్మ నన్ను రోజూ అలాగే పిలిచేది.

పదో తరగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను. మేడం రుమాలు ముక్కు నుంచి కాస్త పక్కకు తీసి నా వైపు చూసింది. తర్వాత గట్టిగా ముక్కు చీదుకుంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, ఇరవై ఏళ్ళుగా ఫ్రెంచి చెబుతున్నానని, తనతో ఇలా ఎవరూ మాట్లాడలేదని తెలుగులో అంది. ఎవరు నేర్పారో అడిగింది. చెప్పాను. ఆమె కాగితం మీద ఏదో రాసుకుని, పెద్దవాళ్ళతో మీరు అనడం మాత్రం పరీక్షలోపు నేర్చుకోమని చెప్పి పంపింది.

సాయంత్రం గిర్నీలో ఈ కథంతా చెబితే పెద్దమ్మ గోనెసంచుల మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి, తనే లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఇంటికి బయల్దేరుతుంటే రేపు జర తొందరగా రమ్మంది.

మర్నాడు వెళ్ళేసరికి మోటరు ఆపి ఉంది. వరుసలో ఎవరూ లేరు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక ఉత్తరం నా చేతిలో పెట్టింది. ఫ్రాన్సుకు వెళ్ళిన కొత్తలో తేయో రాసిందట. ఏడేళ్ళ కిందటిది. అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. గీతల కాగితం మీద పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు, వెనక చిరునామా. ఇన్నాళ్ళూ ఎవరితోనూ చదివించుకోలేదా అంటే ఒకసారి చదివించుకుందట. ఎవరో చదువుకున్నాయన ఫోనుతో ఫొటో తీసి, అందులో వచ్చిన తెలుగు చదివి వినిపించాడట.

"ఎవలో కోర్టు కాయితం సదివినట్టున్నది. నా పిలగాడు గట్ల మాట్లాడడు. మధ్యల ఎలుక పన్ను కొన్నదంట అని ఆయన ఒకటే నవ్వుడు. నాకు గది ఒక్కటే నిజమని తెల్సింది."

ఫ్రెంచి పిల్లలు ఊడిన పన్ను దిండు కింద పెట్టుకుంటారు. రాత్రి ఎలుక వచ్చి దాన్ని తీసుకుని నాణెం పెట్టిపోతుందని నమ్మకం. ఆ సంగతి నాకూ ఈమే చెప్పింది.

ఆమెకు కావలసింది అర్థం కాదు. ఆ మాటలు ఆ భాషలో, వాడు పలికినట్టు చెవిన పడాలి. నా నోట్లో భాష ఎప్పుడు కుదురుతుందా అని డిసెంబరు నుంచి కనిపెడుతోందట. ముందే చెప్పకపోయావా అంటే, తప్పు తప్పుగా ఒకసారి వింటే చెవుల అదే ఉండిపోతుందని భయపడ్డానంది.

గోనెసంచి మీద ఎదురెదురుగా కూర్చున్నాం. చదవడం మొదలుపెట్టాను. ప్రియమైన పెదమా అని ఉంది. ఇక్కడ వాన పడుతోంది. బడిలో పెట్టే అన్నంలో పప్పు లేదు, ఎవరికీ పప్పు అంటే తెలియదు. నేను స్నేహితుడితో జల్దీ జల్దీ అన్నాను, అది ఫ్రెంచి కాదని వాడు చెప్పాడు, అది నీ భాష అని నాకు ఇప్పుడే తెలిసింది. లూసీకి పన్ను ఊడింది. ఎలుకకు పెడదామని అమ్మ అంది, పెదమా చెప్పినట్టు ఇంటి కప్పు మీదికి విసరాలని లూసీ ఏడ్చింది. మా ఇల్లు నాలుగో అంతస్తు, కప్పు అందదు. నువ్వు ఎప్పుడొస్తావు. నా మంచం పొడుగ్గా ఉంది, కాళ్ళ వైపు సగం నీకోసం ఖాళీగా ఉంచాను.

మధ్యలో రెండు చోట్ల ఆమె ఆపింది. ఆ మాట వాడు సాగదీసి అంటాడు, అలా అనమంది. అలాగే అన్నాను. అయిపోయాక ఇంకొకసారి అంది. మూడోసారి చదువుతున్నప్పుడు కళ్ళు మూసుకుని వింటోంది. పెదవులు కదులుతున్నాయి. చదవడం ఆపాక, కొత్తగా చదువొచ్చినదాని గర్వంతో, ఇందులో పదమూడు అక్షర దోషాలున్నాయని చెప్పాను.

"ఉండనియ్యి" అంది. "ఎన్మిదేండ్ల పోరడు."

జవాబు రాద్దామన్నాను. ముందు పరీక్ష అయిపోనీ అంది.

మార్చిలో రాత పరీక్ష. చదివి అర్థం చేసుకునే పేరా ఒకటి వచ్చింది, ఏదో సముద్రం పక్క ఊరి గురించి. మొదటిసారి చూస్తే ఒక్క ముక్క తెలియలేదు. పెదవులు కదుపుతూ నాలో నేను చదువుకున్నాను. చదివేకొద్దీ పెద్దమ్మ పక్కన కూర్చుని ఇదేమిటో చెప్తున్నట్టే ఉంది. శబ్దం చేయకమ్మా అని కాపలా సారు రెండుసార్లు హెచ్చరించాడు. ఉత్తరం రాయమనే ప్రశ్న కూడా వచ్చింది. విదేశంలో ఉన్న మిత్రుడికి మీ ఊరి గురించి రాయండి అని. నేను తేయోకు రాశాను. ఇక్కడ గిర్ని నడుస్తోందని, పెదమా బాగుందని, ఆమె పప్పు గుర్తుందా అని రాశాను. ఎనిమిది వరుసల్లో రాయమంటే కాగితం చాలలేదు.

పరీక్ష ముగిసిన సాయంత్రం అసలు ఉత్తరం రాశాం. ఆమె చెప్తుంటే నేను రాశాను. ఎలా ముగించాలో గైడులో మూడు మర్యాద వాక్యాలున్నాయి, అవి చదివి వినిపించాను. ఏదీ నచ్చలేదు. చలికి చెవులు కప్పుకో, చెల్లెను కొట్టకు అని రాయమంది. వాడికి ఇప్పుడు నా వయసు, పదిహేనేళ్ళు అని గుర్తుచేశాను. అయితే ఏంది అంది. అలాగే రాశాను. చివర గిర్ని ఫోను నంబరు వేశాను.

మే నెలలో ఫలితాలొచ్చాయి. ఫ్రెంచిలో మొత్తం నూటికి ఎనభై రెండు. నాన్న దుకాణంలో ప్రతి మనిషికీ చెప్పారు. నేను పెద్దమ్మకు ఫ్రెంచిలో చెబితే, నాలుగు ఇరవైల మీద రెండు అని వేళ్ళ మీద చూసుకుని, నా ముక్కు మీద పిండి చుక్క పెట్టింది. ఉత్తరానికి మాత్రం జవాబు లేదు. చిరునామా పాతదైపోయి ఉంటుందని నేను అన్నాను. ఆమె ఊ అంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

జూన్ మొదటి వారంలో, నేను ఇంటర్మీడియట్‌కు హైదరాబాదు వెళ్ళే ముందు, జొన్నలు పట్టించడానికి వెళ్ళాను. నా ముందు ఒక పొడుగాటి ముసలాయన జొన్నలు నడుస్తున్నాయి. గోడకు మేకు మీద వేలాడే సంచిలో ఫోను వెలుగుతోంది. హోరులో ఆమెకు వినపడలేదు. నేను తీసి చూస్తే ఎన్నడూ చూడని నంబరు. చేతికిచ్చాను. చెవికి ఆనించుకుంది, ఏమీ వినపడలేదు. అప్పుడు వెళ్ళి మోటరు బటన్ ఆపేసింది. ముసలాయన జొన్నలు సగం తొట్టిలోనే ఉన్నాయి. రాళ్ళు తిరిగి తిరిగి ఆగేదాకా ఫోను గుండెకు ఆనించుకుని నిలబడింది.

తర్వాత అల్లో అంది. వింది. మొహంలో ఏ గుర్తూ లేదు. ఎవరు నువ్వు అని ఫ్రెంచిలో కొంచెం కోపంగానే అడిగింది. అవతలి నుంచి ఏదో చెప్పారు. నమ్మినట్టు లేదు. మీ చెల్లె పేరేంటి అని అడిగింది. అవతలి జవాబు పక్కనున్న నాకు కూడా వినపడింది. "లచ్చి."

ఆమె గోడ పట్టుకుంది. ఆ పైన ఎంతసేపు మాట్లాడిందో చెప్పలేను. ఏం తిన్నావు అని అడిగింది. అమ్మ ఎట్లుంది అని అడిగింది. ఇన్నాళ్ళు ఏమైపోయావని తిట్టింది, వాళ్ళు ఇల్లు మారారని, ఉత్తరం తిరిగి తిరిగి ఇప్పుడే చేరిందని తెలిసి తిట్లు వెనక్కి తీసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడితో మాట్లాడే మాటలే అన్నీ. వరుసలో ఉన్న ఆరేడుగురూ ఒక్కరూ కదలలేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ నవ్వుమొహాలతో వింటున్నారు.

ఫోను పెట్టేశాక ఆమె నా వైపు తిరిగింది.

"గొంతు మారింది బిడ్డా. మొగోని గొంతొచ్చింది. మొదలు ఎవలో ఆఫీసరనుకొని భయపడ్డ."

ముసలాయన ఎవరమ్మా ఫోన్లో అని అడిగాడు. మా పెద్ద పిలగాడు అంది. మీటరు డెబ్బై ఎనిమిది ఉన్నానని వాడు చెప్పాడట. అదెంతో ఆమెకు అంతుపట్టలేదు. నన్ను అడిగింది. నేను ఇంటికి పరుగెత్తి స్కేలు తెచ్చి గోడ మీద కింది నుంచి కొలుచుకుంటూ పోయాను. చివరికి స్కేలు మీద గీత నా కంటికి ఆనలేదు. ముసలాయనే వచ్చి, తన ఎత్తు తనకు తెలుసంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన తల మీద ఇంకో రెండు వేళ్ళు పడితే అంత అని తేల్చాం. పెద్దమ్మ పిండి డబ్బా మీదికెక్కి, అరచెయ్యి పిండిలో అద్ది, ఆ ఎత్తున గోడకు ఆనించింది.

తర్వాత కిందికి దిగి, ఆ గుర్తుకు ఎదురుగా వచ్చి నిలబడింది. వరుసలో వాళ్ళు డబ్బాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె ఎప్పుడూ కిందికి వంగి మాట్లాడిన పిల్లవాడి మొహం ఎక్కడుంటుందో చూడటానికి, మెడ వెనక్కి వంచి, బాగా పైకి చూసింది.